కటికి దారిలో మా జీపు

మా అమ్మ జీపు చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణం చేసింది. తరువాత మెట్టు వంక చూసింది, తన మోకాలి వంక చూసుకుంది.

“ఒరే నాయనా! బండి బాగానే ఉంది. దీనితో పాటు నిచ్చెన కూడా ఇచ్చారా?” అంది.

నా బావమరిది మొహం చిన్నబోయింది. జీపును 4 అంగుళాలు ఎత్తు లేపించాలన్న ఆలోచన అతనిదే మరి! వద్దనకుండా డబ్బు ఇచ్చినవాణ్ణి నేను. ఇద్దరమూ కలిసి చేసిన ఘనకార్యాన్ని ఆవిడ ఒక్క మాటతో తేల్చివేసింది.

ఈ జీపు కథ కొంత చెప్పాలి. మా నాన్నగారు పదవీ విరమణ చేసిన కొత్తలో, ఎక్కడో పాతదిగా అమ్ముతూ ఉంటే కొన్నారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. ముందూ వెనకా కమాను పట్టీలు. మన దేశంలో 1947లో విల్లీస్ జీపుల కూర్పు మొదలయింది. ఆ వంశంలోనిదే ఇదీను. ముందు సీటు అమ్మది. ఆ సీటులో కూర్చుని ఆవిడ సింహాచలమూ చూసింది, అరకూ చూసింది, బొర్రా గుహలూ చూసింది. బొర్రాకు దగ్గరలోనే ఉన్న కటికి జలపాతాన్ని మాత్రం చూడలేకపోయింది. ఆ రోజు వాన పట్టుకున్నది. “ఈ దారి మళ్ళీ ఎండినప్పుడు వద్దాంలే” అన్నారట నాన్నగారు. ఆ ఎండే రోజు రాకముందే ఆయన వెళ్ళిపోయారు.

అంచేత కటికి వెళ్ళాలన్న కోరిక ఇంట్లో అందరికీ ఉన్నది. దారి రాళ్ళమయం అని విన్నాం. “బావా, బండి ఎత్తుగా ఉంటే రాయీ రప్పా ఏం చేస్తాయి?” అన్నాడు మా బావమరిది. లెక్కల మేస్టారినయి ఉండీ, ఆ మాటలో లెక్క ఎంత ఉన్నదో నేను చూడలేదు.

ఊళ్ళో ఒక షెడ్డువారు నాలుగు రోజుల్లో పని పూర్తి చేశారు. కమాను కొసను ఛాసిస్‌కు వేలాడదీసే ఇనుప బిళ్ళల జతను షాకిల్ అంటారు. వాటిని బాగా పొడుగువి వేశారు. ప్రతి కమాను కట్టకూ రెండేసి మందపాటి పట్టీలు చేర్చారు. జీపు ఛాతీ విరుచుకుని నిలబడ్డది. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం, “మీరు వెళ్ళిరండి. నేను జలపాతాన్ని మీ ఫోనులో చూస్తాలే” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడకు చూపించడం కోసం సిద్ధం చేసిన బండిలో ఆవిడ తప్ప అందరమూ బయలుదేరాం.

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దాకా పొలాల మధ్య దారి. కోట దాటి కొంత దూరం పోయేసరికి కొండలు ఎదురు వస్తాయి. టైడా దగ్గర అడవి చిక్కబడుతుంది. కొత్తవలస నుంచి కిరండోలు పోయే రైలు మార్గం ఒకప్పుడు పైన కనిపిస్తుంది, ఇంకొకప్పుడు లోయలో కనిపిస్తుంది. సొరంగంలో దూరి మాయమయి, మరెక్కడో ప్రత్యక్షమవుతుంది. పిల్లలకు అదొక దాగుడుమూతల ఆట.

నాకు మాత్రం ఆ అందం చూసే తీరిక లేకపోయింది. స్టీరింగు చేతిలో నిలవడం లేదు. తిన్నని దారిలో కూడా బండి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వెతుక్కుంటున్నట్టు పోతున్నది. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను వెనక్కి రావాలి గదా, రావడం లేదు. నేనే లాగి తేవాలి. ఒక గుంట మీదుగా పోయేసరికి చక్రం జ్వరం వచ్చినట్టు వణికింది. మా ఆవిడ ముందు కడ్డీ పట్టుకుని కూర్చుని, “ఏమండీ, ఇది ఇదివరకు ఇలా ఉండేది కాదే” అన్నది. “కొత్త పట్టీలు; అలవాటు పడాలి” అన్నాను. పట్టీలు అలవాటు పడాలో, నేను పడాలో చెప్పలేదు.

బొర్రా దగ్గర కాఫీ తాగి, గుహల వైపు మళ్ళకుండా కటికి దారి పట్టాం. ఆ దారిని దారి అనడం మర్యాద కోసమే! ఎర్రమట్టి, వాన నీళ్ళు కోసిన గాళ్ళు, తలలు బయట పెట్టిన బండరాళ్ళు. గిరిజన గ్రామాల కుర్రాళ్ళు నడిపే జీపులు యాత్రికులను ఎక్కించుకుని ఆ దారిన పోతూ వస్తూ ఉంటాయి. అవి పాతవి, రంగు వెలిసినవి, మా జీపు పక్కన పొట్టివి. వాటిని చూసి మా బావమరిది కాస్త గర్వంగా నవ్వాడు.

ఆ నవ్వు ఆరకముందే కింద ‘ఠంగ్’మన్నది. ముందు ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ డబ్బా రాయికి కొట్టుకున్నది. 4 అంగుళాలు లేపించాం గదా, ఎలా తగిలింది? దిగి చూస్తే తెలిసింది. లేచినది బండి ఒళ్ళు. ఇరుసు లేవలేదు. ఇరుసు ఎత్తు చక్రం ఎత్తును బట్టి ఉంటుంది. చక్రాలు మేము మార్చనే లేదు! పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టుకున్నంత మాత్రాన పాదాలు నీళ్ళ మీద తేలవు గదా!

సరే, వెనక్కి తీసి మరో వైపు నుంచి ఎక్కించాను. అక్కడ దారి లోయ వైపుకు ఏటవాలుగా ఉన్నది. ఎడమ ముందు చక్రం బండరాయి మీదికి ఎక్కింది. కమాను వంగి ఆ ఎత్తును మింగాలి. బిరుసు పట్టీలు వంగలేదు. రాయి ఎత్తంతా బండి ఒంటికే వచ్చింది. జీపు కుడికి, లోయ వైపుకు ఒరిగింది. వెనకనుంచి ‘టప్’మని ఏదో విరిగిన చప్పుడు. ఎడమ వెనక చక్రం నేల వదిలి గాలిలో మెల్లగా తిరుగుతున్నది. వెనక సీటులో మా అమ్మాయి “నాన్నా!” అన్నది. ఆ పిలుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నది.

ఎదురుగా వస్తున్న జీపు డ్రైవరు తన బండి ఆపి పరుగెత్తుకు వచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయేమో.

“కదపకండి బాబూ! బ్రేకు మీద కాలు తియ్యకండి. పిల్లల్ని ఇటేపు దించండి, కొండేపు. లోయేపు ఎవులూ దిగొద్దు” అన్నాడు.

ఒక్కొక్కరినీ కొండ వైపు నుంచే దింపాడు. తాడు తెచ్చి జీపు పైకడ్డీకి కట్టి, మరి ఇద్దరితో కొండ వైపు నుంచి పట్టించాడు. తాను ఎదుట నిలబడి, రెండు చేతులతో సైగలు చేస్తూ, అంగుళం అంగుళంగా నన్ను వెనక్కి దింపించాడు. నాలుగు చక్రాలూ నేల మీద ఆనేసరికి నా చొక్కా తడిసిపోయింది.

తరువాత అతను వంగి వెనక ఇరుసు వైపు చూసి, నన్నూ చూడమన్నాడు. వెనక షాకబ్జార్బరు అడుగు బోల్టు విరిగిపోయి వేలాడుతున్నది. అక్కడి బ్రేకు రబ్బరు గొట్టం మీద లాగిన గుర్తు తెల్లటి చారగా పడి ఉన్నది. షాకబ్జార్బరు తెగాక, వేలాడిన ఇరుసు బరువు ఆ గొట్టం మీద పడ్డదన్నమాట! అది కూడా తెగి ఉంటే నా కాలి కింద బ్రేకు ఏమయ్యేది?

“బండికి పొడుగు కాదు బాబూ కావాల. కాలు సాగాల” అన్నాడతను.

అంతకన్న క్లుప్తంగా ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదనుకుంటాను. రాయి వచ్చిన చోట చక్రం పైకి ముడుచుకోవాలి. గొయ్యి వచ్చిన చోట కిందికి సాగాలి. పైన కూర్చున్నవాళ్ళు మాత్రం ఉన్నచోటనే ఉండాలి. అతని జీపులో జలపాతం దాకా వెళ్ళాం. ఆ పొట్టి బండి అదే రాయి మీదుగా, బాతు నడిచినట్టు, ఒక్కొక్క కాలే ఎత్తి పెడుతూ పోయింది. జలపాతం చూశాను గాని, నాకు నీళ్ళ కన్న అతని కమాన్లే ఎక్కువ కనిపించాయి.

తిరుగు ప్రయాణం ఎలా జరిగిందో చెప్పను. ఆ బోల్టుకు బొర్రాలో ఏదో కట్టు కట్టించుకుని, ఘాట్ రోడ్డంతా చిన్న గేరులో దిగి, మర్నాడు ఉదయం కంచరపాలెంలో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. నాన్నగారి రోజుల నుంచీ ఆ బండి నాడి తెలిసిన మనిషి.

ఆయన రెంచీ పట్టుకోలేదు. ముందు టేపు పట్టుకున్నాడు. చదునైన గచ్చు మీద బండి నిలిపించి, నాలుగు టైర్లలో గాలి సరిచేయించి, ఒక్కొక్క చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచాడు. నాలుగు అంకెలూ నా చేతనే రాయించాడు. పనికి ముందు ఆ షెడ్డులో రాసిన కొలతల చీటీ నా దగ్గర ఉంటే అదీ చూశాడు. చూసి నవ్వాడు.

“మేస్టారూ, మీ బండి పొట్టిది కాదు. కమాన్లు కుంగిపోయాయి. కంపెనీ ఎత్తు కంటే అంగుళంన్నర తక్కువకు దిగింది, డ్రైవరు వైపు ఇంకాస్త. జబ్బు కుంగడం, మీరు వేయించిన మందు సాగదీయడం” అన్నాడు.

తరువాత ఛాసిస్‌ను జాకీతో లేపి, చక్రం వేలాడేటట్టు చేసి, బాగున్న వైపు షాకబ్జార్బరు కొలిచాడు. బండి మామూలుగా నిలబడ్డప్పుడే అది దాదాపు చివరి దాకా సాగి ఉన్నది. ఇంకా ముప్పావు అంగుళం మాత్రమే మిగిలింది. షాకబ్జార్బరు పని కమాను ఊగకుండా ఆపడం. బండి నిలబడ్డప్పుడు అది కొంత కిందికి సాగడానికీ, కొంత పైకి ముడుచుకోవడానికీ వీలుగా నడుమ ఉండాలి. చివరి దాకా సాగిందంటే అది షాకబ్జార్బరు కాదు, కట్టుగొయ్య. ఆ లాగుడుకే బోల్టు విరిగింది.

స్టీరింగు సంగతి అడిగాను. “మీ బళ్ళో పిల్లల సైకిలు చూడండి” అన్నాడు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు. పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలినా సైకిలు కొంత దూరం తిన్నగా పోవడానికి అదొక కారణం. జీపు ముందు చక్రాలకూ అలాంటి వాలు పెడతారు. దాని పేరు కాస్టరు. మా జీపులో ముందు షాకిల్ కమానుకు ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడిగిస్తే ఆ కొస కిందికి దిగి, ఇరుసు తిరిగి, ఆ వాలు తగ్గిపోతుంది. పైగా షాకిల్‌ను 2 అంగుళాలు పొడిగిస్తే బండి లేచేది ఒక్క అంగుళమే. కమానుకు ఒక కొసే దిగుతుంది గదా! నష్టం రెండింతలు, లాభం సగం.

ఇక పట్టీల లెక్క. అది నాకు వదిలేశాడు. రాత్రి ఇంట్లో కాగితం తీసుకుని కూర్చున్నాను. పట్టీల పొడవూ వెడల్పూ సమానమనుకుంటే, కమాను బిరుసు పట్టీల సంఖ్యను బట్టీ, మందం ఘనాన్ని బట్టీ పెరుగుతుంది. మా పాత కట్టలో 6 మిల్లీమీటర్ల పట్టీలు 7. అంటే 216ను 7 పెట్టి హెచ్చిస్తే 1512. చేర్చినవి 9 మిల్లీమీటర్లవి 2. అంటే 729కి రెట్టింపు, 1458. రెండు పట్టీలు చేర్చి కమాను బిరుసును ఇంచుమించు రెండింతలు చేశాం! పది బస్తాల ధాన్యం వేసే లారీకి అది బాగుంటుంది. నలుగురు మనుషులు కూర్చునే జీపుకు అది కమాను కాదు, దూలం.

ఒరుగుడు లెక్క కూడా వేశాను. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య వెడల్పులో సగాన్ని, బండి బరువు కేంద్రం ఎత్తుతో భాగించాలి. ఆ అంకె ఎంత తగ్గితే బండి అంత తేలికగా దొర్లుతుంది. ఉదాహరణకు వెడల్పు 50 అంగుళాలు, కేంద్రం ఎత్తు 26 అనుకుంటే 0.96 వస్తుంది. ఒళ్ళు లేపడం వల్ల కేంద్రం 3 అంగుళాలు పైకి పోతే 0.86కు దిగుతుంది. కాగితం మీద తేడా పదో వంతు. ఏటవాలు దారిలో వెనక సీటులో పిల్లలు ఉన్నప్పుడు అది పదో వంతు కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని చాలాసేపు నిద్ర పట్టక పడుకున్నాను.

మర్నాడు మా బావమరిది, “ఎత్తు అలాగే ఉంచి, తప్పులు దిద్దలేమా మేస్త్రీ?” అని అడిగాడు. “దిద్దవచ్చు బాబూ. పొడుగు షాకబ్జార్బర్లు, పొడుగు బ్రేకు గొట్టాలు, ఇరుసు వాలు సరిచేసే బిళ్ళలు, స్టీరింగు కడ్డీకి మార్పు, వంపు పెరిగిన ప్రొపెల్లర్ షాఫ్టుకు మార్పు. ఒక అబద్ధం ఆడాక దాన్ని నిలబెట్టడానికి ఎన్ని ఆడాలో అన్నీ ఆడాలి” అన్నాడాయన. అదీగాక, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. నేను పిల్లలకు నియమాలు బోధించేవాణ్ణి. ఈ నియమం చదవకుండానే బండి లేపించానన్నమాట!

ఆఖరికి తేల్చినది ఇది. పొడుగు షాకిళ్ళు తీసివేసి అసలు కొలతవి వేశాం. కమాన్లు కంపెనీ ఎత్తుకు నిలిచేటట్టు కొత్తగా కట్టించాం. ఈసారి 5 మిల్లీమీటర్ల పట్టీలు 10. ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. కమాను బలం మందం వర్గాన్ని బట్టి పోతుంది. బిరుసు ఘనాన్ని బట్టి పోతుంది. పాత కట్ట బలం 7 ముప్ఫైఆర్లు, అంటే 252. కొత్తది 10 పాతికలు, అంటే 250. మోసే శక్తి ఇంచుమించు అదే. బిరుసు మాత్రం 1512 నుంచి 1250కి దిగింది. పలచని పట్టీలు ఎక్కువగా వేస్తే భారమూ మోస్తాయి, వంగుతాయి కూడా. ఉమ్మడి కుటుంబం గుర్తుకు వచ్చింది నాకు!

పట్టీల మధ్య గ్రీజు పెట్టించాం. అరిగిన రబ్బరు బుష్షులు మార్చాం. కొత్త షాకబ్జార్బర్లు బిగించేముందు మేస్త్రీ ఒక పరీక్ష చేశాడు. ఒక చక్రం కింద దిమ్మలు పేర్చి, పైకి ఎంత పోతుందో, అవతలి చక్రం ఎంత వేలాడుతుందో చూశాడు. పైకి పోయినప్పుడు షాకబ్జార్బరు అడుగు తగలక ముందే రబ్బరు దిమ్మ ఆపాలి. వేలాడినప్పుడు షాకబ్జార్బరూ, బ్రేకు గొట్టమూ రెండూ ఇంకా వదులుగానే ఉండాలి. నాలుగు మూలలా అలా చూసి, నా చేయి పట్టి గొట్టాలు తడిమించి, “ఇప్పుడు అమ్మగారిని తీసుకువెళ్ళండి” అన్నాడు.

మార్గశిరంలో ఒక ఆదివారం తెల్లవారుజామున జీపు గుమ్మంలో నిలబెట్టాను. అమ్మ శాలువా కప్పుకుని వచ్చింది. ఏమీ అనకుండా ఎడమ కాలు మెట్టు మీద పెట్టి, కడ్డీ పట్టుకుని, తన సీటులో కూర్చున్నది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, “పద” అన్నది. నేను కొలిచిన కొలతలన్నిటిలోకీ ఆ ఒక్క అడుగే నాకు తృప్తినిచ్చింది.

ఘాట్ రోడ్డు మీద స్టీరింగు చేతిలో బుద్ధిగా ఉన్నది. కటికి దారిలో ఆ రాయి దగ్గర ఆగాను. మనసు ఒప్పక అందరినీ దింపి, బావమరిదిని ముందు నిలబెట్టి, చిన్న గేరులో ఎక్కించాను. ఎడమ చక్రం పైకి ముడుచుకున్నది, వెనక చక్రం కిందికి సాగింది. జీపు కాస్త వంగింది గాని ఒరగలేదు. అటు నుంచి వస్తున్న ఆ కుర్రవాడు గుర్తుపట్టి, “పొట్టి సేయించేసినారా బాబూ?” అని నవ్వాడు.

చివర కొంత దూరం నడక. అమ్మ మనవరాలి భుజం పట్టుకుని నెమ్మదిగా నడిచింది. కొండ చీల్చుకుని గోస్తనీ నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. తుంపర మొహాన కొడుతున్నది. ఆవిడ ఒక రాయి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

“మీ నాన్నగారు దారి ఎండాక వద్దామన్నారు” అన్నది చివరికి. “ఎండిందిరా.”

తిరిగి వచ్చేటప్పుడు మా బావమరిది చిన్న గొంతుతో, “బావా, ఎప్పుడైనా టైర్లు కొంచెం పెద్దవి...” అని మొదలుపెట్టాడు. ముందు సీటులోంచి అమ్మ వెనక్కి తిరిగి చూసింది. అతను వెంటనే కిటికీలోంచి కాఫీ తోటలు చూడడం మొదలుపెట్టాడు.